అప్‌డేట్: గ్రైండర్ షాక్ – మెగ్గర్ పరీక్షలో తేలింది ఇదీ

అమలాపురం దగ్గర మా వంటశాలలో గ్రైండర్ ముట్టుకుంటే జిల్లుమంటోందని, మోటారు మార్చాలా అని ఇంతకుముందు అడిగాను. మీరు సూచించినట్లే ప్లగ్గు తీయించి, లైవ్, న్యూట్రల్ కలిపి వాటికీ బాడీకీ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పరీక్ష చేయించగా, కనీసం 1 మెగా ఓమ్ ఉండవలసిన ఇన్సులేషన్ నిరోధం (కరెంటు బాడీకి లీకవకుండా అడ్డుకునే శక్తి) అందులో పావు వంతు కూడా లేదు. అంతకన్నా ఆందోళన కలిగించినది ఎర్త్: ప్లగ్గు విప్పితే పచ్చ తీగ స్క్రూ కింద నుంచి ఊడి, చిలుము పట్టి ఉంది. అందుకే లీకైన కరెంటుకు భూమిలోకి దారి లేకపోయింది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ముందుగా ట్రిప్ కాకపోవడానికీ ఇదే కారణమట. మోటారు వైండింగ్‌లో (లోపలి తీగ చుట్టలో) చేరిన వానాకాలపు చెమ్మను ఆరబెట్టించి, వార్నిష్ వేయించి, వైరు మార్పించాక రీడింగు 20 మెగా ఓమ్‌లు దాటింది. మోటారు మార్చవలసిన పనిలేదు. కొబ్బరి కోరే యంత్రం పరీక్ష ఇంకా మిగిలి ఉంది.