బొమ్మ లేకుండా బీజీఎమ్ నిలబడుతుందా?

రాత్రిబండి రాశారు:

మొన్న ఆదివారం మా గదిలో నలుగురం కూర్చుని, సినిమాలు తీసి వాటికి సంగీతం కూడా తనే చేసుకునే జాన్ కార్పెంటర్ 'లాస్ట్ థీమ్స్' ఆల్బమ్ వింటున్నాం. కింద సింథ్ (సింథసైజర్) బేస్, దాని మీద గిటార్, అక్కడక్కడా పియానో. మాటలు లేవు. రెండో ట్రాక్ సగంలో ఉండగా ఒకడు అన్నాడు: "బాగానే ఉందిగానీ దీనికి బొమ్మ ఏదిరా? రీరికార్డింగ్ అయిపోయి సినిమా ఆగిపోయినట్టుంది." మిగతా ఇద్దరూ అవునన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. సింథ్‌వేవ్ (ఎనభైల సింథ్ శబ్దాన్ని మళ్లీ తెచ్చేది), ప్రోగ్ రాక్ (ప్రోగ్రెసివ్ రాక్, పెద్ద పెద్ద ట్రాక్‌ల ప్రయోగాల రాక్), సినిమాటిక్ ఎలక్ట్రానిక్ కలిపి చేసే ఈ మాటల్లేని సంగీతం తన కాళ్ల మీద తాను నిలబడుతుందా? లేక ఎప్పటికీ రాని సినిమాకు నేపథ్య సంగీతమేనా?

నా మాట ముందే చెప్పేస్తాను. నిలబడుతుంది. మనం కొత్త కలయిక అనుకుంటున్న ఈ మూడింటి వేళ్లూ 1970ల్లో ఒకే ఇంట్లో ఉన్నాయి. గోబ్లిన్ ఇటలీకి చెందిన ప్రోగ్ బ్యాండ్. దర్శకుడు దారియో ఆర్జెంటో తీసిన 'సస్పీరియా' (1977) కోసం వాళ్లు కొంత సంగీతం షూటింగ్‌కి ముందే చేస్తే, ఆయన దాన్ని సెట్‌లో గట్టిగా పెట్టి నటీనటుల చేత నటింపజేశాడు. అదే ఏడాది వచ్చిన 'సోర్సరర్' సంగతి చూడండి. దర్శకుడు విలియం ఫ్రీడ్కిన్ బెర్లిన్ బ్యాండ్ టాంజరిన్ డ్రీమ్‌కి స్క్రిప్ట్ మాత్రమే ఇచ్చాడు. వాళ్లు ఒక్క షాట్ కూడా చూడకుండా సంగీతం చేసి పంపారు. ఆయన దాన్ని పక్కన పెట్టుకుని సినిమా ఎడిట్ చేసుకున్నాడు.

సంగీతం ముందు నడిచింది, బొమ్మ దాని వెనక వచ్చింది. అలాంటప్పుడు దీన్ని బొమ్మ మీద బతికే సంగీతం అని ఎలా అంటాం?

పాతక్యాసెట్ రాశారు:

రాత్రిబండి గారూ, మీరు చెప్పింది నిజమే. కానీ మీ ఉదాహరణలు రెండూ 1977వి. ప్రశ్నేమో ఇవాళ్టి వాళ్ల గురించి.

టాంజరిన్ డ్రీమ్ పేరు ఎత్తారు కాబట్టి వాళ్ల ఆల్బమ్ 'ఫీడ్రా' (1974) సంగతి చెబుతాను. టైటిల్ ట్రాక్ పదిహేడు నిమిషాలు దాటుతుంది. మూగ్ సింథ్ సీక్వెన్సర్ (స్వరాల వరసను తనంతట తాను తిప్పి తిప్పి వాయించే మిషన్) నడుస్తూ ఉంటే, లోపల శబ్దాన్ని పుట్టించే ఆసిలేటర్లు వేడెక్కి కొన్నింటి శ్రుతి జారడం మొదలుపెట్టింది. ఎవరూ అనుకుని చేసింది కాదు. టేపు మీద అది అలాగే ఉండిపోయింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే కాళ్ల కింద నేల మెల్లగా పక్కకు జరుగుతున్నట్టు ఉంటుంది. రేపు మిషన్ ఏం చేస్తుందో బ్యాండ్‌లోని ముగ్గురికీ తెలియని రోజులవి. ఆ తెలియకపోవడమే సంగీతం అయింది.

ఇప్పుడు ఆ జారుడు కూడా సాఫ్ట్‌వేర్‌లో ఒక నాబ్. ఎంత కావాలంటే అంత తిప్పుకోవచ్చు. ప్రోగ్రెసివ్ అంటే ముందుకు పోయేది. 1982 నాటి శబ్దాన్ని దుమ్ము దులిపి మెరుగు పెట్టడాన్ని నేను ముందుకు పోవడం అనలేను. ఆల్బమ్ అట్టలు చూడండి: ఊదా రంగు సూర్యుడు, గళ్ల నేల, తాటిచెట్ల లాంటి చెట్లు, ఒక స్పోర్ట్స్ కారు. ఆ ఎనభైలు మనవి కూడా కావు. 1985లో మా ఇంట్లో ఉన్నది ఒక ట్రాన్సిస్టర్, కరెంటు పోతే లాంతరు. లేని జ్ఞాపకాన్ని అమ్ముతున్న సంగీతం ఇది. జ్ఞాపకం పని చేయాలంటే దానికి బొమ్మ కావాల్సిందే.

మృదంగం_చెయ్యి రాశారు:

ఇద్దరూ శబ్దం గురించే మాట్లాడుతున్నారు. కాస్త లయ దగ్గరికి రండి.

కార్పెంటర్ 'హాలోవీన్' (1978) థీమ్ వినే ఉంటారు. టేబుల్ మీద వేలితో వేసి చూడండి: తకిట తకిట తక తక. మూడు, మూడు, రెండు, రెండు. మొత్తం పది. ఐదుకు రెట్టింపు. ఐదు మనకు కొత్త కాదు, ఖండ చాపు ఉంది కదా. అయితే ఖండ చాపులో తక తకిట అని ఐదైదుకీ విరుపు వస్తుంది, మనసు కుదుటపడుతుంది. ఇక్కడ పది పూర్తయ్యేదాకా విరుపు సరిగ్గా దొరకదు. దొరికిందనుకునేలోపు మళ్లీ మొదలు. ఆ సినిమాలో భయం పుట్టేది అక్కడే. కార్పెంటర్ వాళ్ల నాన్న సంగీతం ప్రొఫెసర్. చిన్నప్పుడు కొడుక్కి బాంగోల మీద ఈ ఐదు లెక్క నేర్పింది ఆయనే.

నేను సినిమా చూడకముందే ఈ థీమ్ విన్నాను. అప్పుడు వేసినంత భయం తర్వాత సినిమా చూస్తే వేయలేదు. కాబట్టి రాత్రిబండి గారి వైపు ఒక ఓటు.

కానీ ఇవాళ్టి సింథ్‌వేవ్ చాలావరకు నాలుగు లెక్కలో మొదలై నాలుగు లెక్కలోనే ముగుస్తుంది. కిక్, స్నేర్, కిక్, స్నేర్. స్నేర్‌కి పెద్ద హాల్లో కొట్టినట్టు ప్రతిధ్వని పెట్టి టక్కున కోసేస్తారు. ఆరు నిమిషాలూ అదే. నేను కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తనియావర్తనం అడగడం లేదు. లెక్కను తెచ్చి సరిగ్గా కలిపే ఒక్క ముక్తాయి అడుగుతున్నాను. వినేవాడు లెక్క పెట్టుకుంటూ వచ్చినందుకు ఒక్కచోటైనా ఫలితం దక్కాలి కదా.

డల్లాస్_నైట్‌షిఫ్ట్ రాశారు:

నిలబడకపోతే మాత్రం ఏమైంది అన్నా? రాత్రి రెండింటికి ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ డౌన్ అయి టెన్షన్‌లో ఉన్నప్పుడు నాకు మాటలున్న పాట అక్కర్లేదు. ఇదే నన్ను నిలబెడుతుంది. ఆ అవసరాన్ని తక్కువగా చూడొద్దు.

కీబోర్డ్_గది రాశారు:

నేను ఇంట్లో ఈ తరహా ట్రాక్‌లు చేస్తాను. ఆరేళ్లుగా చేస్తున్నాను. లోపలి నుంచి చెబుతాను.

'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్ (2016) టైటిల్ మ్యూజిక్ తీసుకోండి. ఆస్టిన్ బ్యాండ్ సర్వైవ్ నుంచి వచ్చిన కైల్ డిక్సన్, మైకేల్ స్టైన్ చేసింది. స గ ప ని స ని ప గ. శంకరాభరణం స్వరాలు, ఎనిమిది. ఎక్కుతాయి, దిగుతాయి, మళ్లీ ఎక్కుతాయి. స్వరాల్లో చెప్పుకోదగ్గ కదలిక ఏమీ లేదు. కదిలేది ఫిల్టర్, అంటే శబ్దంలోని పదునును పెంచే, తగ్గించే భాగం. మొదట తలుపు వేసిన గదిలోంచి వినిపించినట్టు మందంగా ఉంటుంది. ఎవరో ఆ తలుపు వేలెడు వేలెడు తెరుస్తున్నట్టు శబ్దం పదునెక్కుతుంది. అంతే. నిమిషం పాటు అది అద్భుతంగా పని చేస్తుంది, 2017లో ఎమ్మీ కూడా వచ్చింది.

ఆ నిమిషాన్ని తొమ్మిది నిమిషాలు సాగదీయడమే నాలాంటి వాళ్లం చేసే తప్పు. పోయినేడు నేను ఒక పెద్ద ట్రాక్ చేశాను. నాలుగు నెలలు పట్టింది. నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఒకరోజు అనుమానం వచ్చి ఫిల్టర్లన్నీ కదలకుండా ఆపేసి, రీవెర్బ్ (ప్రతిధ్వని) తీసేసి, ఉత్త స్వరాలు విన్నాను. ఏమీ లేదు. నాలుగు కార్డులు (కలిపి మోగే స్వరాలు), ఒక ఆర్పెజియో (ఆ స్వరాలనే ఒక్కొక్కటిగా వాయించడం). నేను కట్టింది వాతావరణం మాత్రమే, దాంట్లో ఎవరూ నివసించడం లేదు. అదే పని 'హాలోవీన్'కి చేసి చూడండి. పాత పియానో మీద ఒంటి వేలితో వాయించినా అది అదే.

నా లెక్కలో పరీక్ష ఇదొక్కటే. శబ్దపు మెరుపు తీసేశాక ఏం మిగిలింది?

ఒక్క మినహాయింపు ఇస్తాను. శబ్దమే స్వరంగా మారే చోటు ఉంటుంది. సంగీత దర్శకుడు వాంజెలిస్ 'బ్లేడ్ రన్నర్' సినిమాలో వాడిన యమహా సీఎస్-80 సింథ్‌లో ప్రతి మీటకీ విడిగా ఒత్తిడి తెలుస్తుంది. నొక్కిన తర్వాత కూడా వేలు ఇంకాస్త అదిమితే ఆ ఒక్క స్వరమే ఉబ్బుతుంది, వణుకుతుంది. పైన ఒక పట్టీ ఉంటుంది, దాని మీద వేలు జారిస్తే స్వరం జారుతుంది. మన గమకానికి అంత దగ్గరగా వచ్చిన మీటల వాద్యం నేను ఇంకోటి చూడలేదు. అక్కడ శబ్దాన్ని, స్వరాన్ని విడదీయలేం. అక్కడ నా పరీక్ష చెల్లదు.

రాత్రిబండి రాశారు:

కీబోర్డ్_గది గారూ, మీ పరీక్ష ఒప్పుకుంటున్నాను. నిన్న రాత్రంతా నా ప్లేలిస్ట్ మీద అదే పెట్టి విన్నాను. సగం పైగా తీసేశాను. బాధగానే ఉంది.

మిగిలినవాటిలో జాంబి అనే బ్యాండ్ ఉంది. పాతక్యాసెట్ గారు తప్పకుండా వినాలి. పిట్స్‌బర్గ్‌కి చెందిన ఇద్దరు, స్టీవ్ మూర్, ఆంథనీ పాటెరా. 'డాన్ ఆఫ్ ద డెడ్' (1978) ఇటలీలో 'జాంబి' పేరుతో విడుదలైంది, దానికి గోబ్లిన్ సంగీతం ఉంది. వీళ్లు ఆ పేరే పెట్టుకున్నారు. ఎవరి పిల్లలో దాచుకోలేదు. వీళ్ల దగ్గర సీక్వెన్సర్ మిషన్‌లా నడుస్తుంటే పక్కన పాటెరా డ్రమ్స్ నిజంగా చేత్తో వాయిస్తాడు. మిషన్ అలసిపోదు, మనిషి అలసిపోతాడు. ఒకే లయ మీద ఈ రెండూ పక్కపక్కన పరిగెడుతుంటే ఆ తేడాయే కథ అవుతుంది. బొమ్మ వెతుక్కోవాలని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఇంకొకటి. 'బ్లేడ్ రన్నర్' 1982లో వచ్చింది. వాంజెలిస్ అసలు సంగీతం అధికారికంగా ఆల్బమ్‌గా వచ్చింది 1994లో. మధ్యలో దొరికింది ఒక ఆర్కెస్ట్రా మళ్లీ వాయించిన రికార్డు. పన్నెండేళ్లు జనం ఆ సంగీతాన్నే అడుగుతూ ఉన్నారంటే, అది బొమ్మతో తీరిన ఆకలి కాదు కదా?

పాతక్యాసెట్ రాశారు:

జాంబి విన్నాను. వాళ్ల 'కాస్మోస్' (2004) ఆల్బమ్ మొత్తం. ఇది నేను తిట్టిన రకం కాదు, ఒప్పుకుంటున్నాను. డ్రమ్స్ వచ్చిన ప్రతిసారీ ఒళ్లు నిటారు అయింది.

'బ్లేడ్ రన్నర్' మాత్రం ఒప్పుకోను. వాంజెలిస్ తెర మీద దృశ్యాలు చూస్తూ వాయించాడు. ఆ వాన, ఆ పొగ ఆయన వేళ్లలోకి వెళ్లాయి. పన్నెండేళ్లు జనం అడిగింది ఆ వాననే. సినిమా చూడనివాళ్లు అడిగి ఉంటే అప్పుడు మీరు గెలిచినట్టు.

మనందరికీ ఉన్న చిక్కు అదే. ఈ సినిమాలన్నీ చూసేశాం. మన చెవులు ఇప్పుడు సాక్ష్యానికి పనికిరావు. ఇవేవీ చూడని చెవి కావాలి.

మృదంగం_చెయ్యి రాశారు:

అలాంటి చెవులు నా దగ్గర తొమ్మిది ఉన్నాయి. శనివారం క్లాసుకు వచ్చే పిల్లలు. పదీ పన్నెండేళ్లవాళ్లు, ఈ సినిమాలు వీళ్లకు పేరు కూడా తెలియవు. పాఠం అయ్యాక కూర్చోబెట్టి, ఏమిటో చెప్పకుండా మూడు పెట్టాను. తాళం వేయండి అన్నాను, అంతే.

మొదటిది మామూలు సింథ్‌వేవ్ ట్రాక్, పేరు చెప్పను. అందరూ పదో సెకనుకే తాళం పట్టుకున్నారు. రెండో నిమిషానికి ఇద్దరు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చేతులు మాత్రం వాటంతట అవే పడుతున్నాయి.

రెండోది 'హాలోవీన్' థీమ్. నాలుగు వేసి తప్పారు. మూడు వేసి తప్పారు. ఒకమ్మాయి కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. కాసేపటికి "పది మాస్టారూ!" అని అరిచింది. ఆ తర్వాత అందరూ దాని చుట్టూ చేరి పదిని ఎలా విరవాలో పోట్లాడుకున్నారు. మళ్లీ పెట్టమన్నారు. మూడుసార్లు పెట్టాను.

మూడోది 'ఫీడ్రా' నుంచి ఐదు నిమిషాలు. తాళం ఎవరూ వేయలేదు. నేనూ వేయమనలేదు. చివర్లో అందరికంటే చిన్నవాడు అడిగాడు: "తంబూరా శ్రుతి తప్పుతోంది కదా మాస్టారూ, ఎవరూ ఎందుకు సరిచేయలేదు?"

వాడికి ఇంకా జవాబు చెప్పలేదు. వచ్చే శనివారం జాంబి పెడుతున్నాను.

పాతక్యాసెట్ రాశారు:

ఆ ప్రశ్న అడిగిన పిల్లాడికి 'ఫీడ్రా' మొత్తం వినిపించండి. కోసి పెట్టకండి. జవాబు వాడికే దొరకొచ్చు. వాడు ఏమన్నాడో ఇక్కడ రాయండి, నేను ఎదురు చూస్తుంటాను.