అప్‌డేట్: ‘ట్రిబ్యులేషన్’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది

మా అమ్మాయి ఇంగ్లీషు పాఠంలో ‘ట్రిబ్యులేషన్’ అని వచ్చింది, ‘కష్టం’ అని రాస్తే సరిపోతుందా, ‘ట్రైబ్’తో సంబంధం ఉందా అని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

లాటిన్ వచ్చినవాళ్లను అడగమన్న సలహానే పనికొచ్చింది. సికింద్రాబాద్‌లో మాకు తెలిసిన ఒక ఫాదర్ గారు చక్కగా వివరించారు. లాటిన్‌లో ‘ట్రిబ్యులుమ్’ అంటే పంట నూర్చే బల్ల. మందపాటి చెక్క, దాని అడుగున వరసగా దిగ్గొట్టిన చెకుముకి రాళ్లు లేదా ఇనుప పళ్లు. కళ్లంలో పరిచిన పంట మీద ఎద్దులతో లాగిస్తే గింజ రాలుతుంది, గడ్డి తునకలవుతుంది. దాంట్లోంచే ‘నలపడం, పీడించడం’ అనే క్రియ పుట్టి, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది.

వింటుంటే మా తాతయ్య కళ్లం కళ్ల ముందు కదిలింది. మా దగ్గర ఆ బల్ల లేదు, ఎద్దులను బంతి కట్టి తొక్కించేవాళ్లు. వాటి డెక్కల కింద వరి చేసే కరకర చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ‘కష్టాల్లో నలిగిపోయాడు’ అని మనమూ అంటాం కదా! తెలుగు బైబిల్లో దీనికి ‘శ్రమ’ అని ఉంటుందట.

‘ట్రైబ్’, ‘ట్రిబ్యునల్’ వేరే మూలానివి, వాటిని పక్కన పెట్టేయండి. ‘కష్టం’ తప్పు కాదు గానీ, చివరికి మా అమ్మాయి ‘నలిపేసే బాధ’ అని రాసుకుంది.