సమస్య: "నిజము చెప్పువాఁడు నేత గాఁడు" (ఈ పాదంతో ముగిసేలా ముందు మూడు పాదాలు రాసి పద్యం పూర్తి చేయడమే పూరణ)

నిర్వాహకుడు: ఇది ఆటవెలది అనే ఛందస్సులో నాలుగో పాదం. అక్షరం మార్చకూడదు, విరుపు, అంటే పదాలను ఎక్కడ విడదీయాలో, మీ ఇష్టం. నిజం చెప్పేవాడు నాయకుడిగా పనికిరాడనే అర్థం పైకి కనిపిస్తోంది కదా, అది పోవాలి. దాన్ని ఎవరో అన్న మాటగా చూపి 'అనుట తగదు' అని తప్పించుకునే దారి అందరికీ తెలిసిందే. వీలైతే కొత్తగా చూడండి.

పూరణ 1
తనదు తప్పు దాఁచి, తక్కినవారల
తప్పు దొరకినంతఁ దత్క్షణంబె
యొడలు నోరు చేసి యూరూరఁ జాటుచు
నిజము చెప్పువాఁడు నేత గాఁడు.

నిర్వాహకుడు: విరుపు జోలికి పోకుండానే అర్థం తిప్పేశారు. 'ఒడలు నోరు చేసి' బాగా పేలింది. కాకపోతే 'తనదు తప్పు దాఁచి' అనగానే గుట్టు తెలిసిపోయింది. అది మూడో పాదంలో వస్తే బిగువు ఉండేది.

పూరణ 2 (కొత్త సభ్యురాలు: తొలి ప్రయత్నం, టెన్షన్‌గా ఉంది, దిద్దండి)
లెక్కలు అడిగినప్పుడు దిక్కులు చూచెడి
పెద్దమనుషులెల్ల ప్రీతితోడ
కల్ల గప్పుకొనఁగఁ గట్టిన మాట యీ
"నిజము చెప్పువాఁడు నేత గాఁడు".

నిర్వాహకుడు: అమ్మా, భయం దేనికి! 'లెక్కలు అడిగి' అని సంధి చేయకుండా వదిలేశారు, మూడో గణమూ (లఘుగురువుల లెక్కతో కట్టే అక్షరాల గుంపు) తప్పింది. 'లెక్కలడిగినపుడు' అంటే రెండూ సర్దుకుంటాయి. లెక్క-దిక్కు ప్రాసయతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరితే యతి, దాని బదులు రెండో అక్షరాలు కలిస్తే ప్రాసయతి) చక్కగా కుదిరింది. నేను వద్దన్న దారే పట్టారు గానీ, లెక్క అడిగితే దిక్కులు చూసే మొహం కళ్ళకు కట్టింది కాబట్టి ఒప్పేసుకుంటున్నా.

పూరణ 3
సమరమందు నిపుడు చచ్చె ద్రోణసుతుఁడె
యనుచు నార్చి గజము నల్లఁ బలుక
ధర్మజు రథ మపుడు ధరణిఁ దాఁకె, సగము
నిజము చెప్పువాఁడు నేత గాఁడు.

ఓ పాత సభ్యుడు: 'సగము'ను మూడో పాదం చివర పెట్టడం దెబ్బ! కానీ మాస్టారూ, ధర్మరాజు 'ద్రోణసుతుడు' అనలేదు. అశ్వత్థామ అన్నాడు. ఆ పేరుతో ఏనుగొకటి నిజంగానే చచ్చింది కాబట్టే అది సగం నిజం. మీరు రాసినట్టయితే పచ్చి అబద్ధమే. 'చచ్చె నశ్వత్థామ' అనండి, గణాలు సరిపోతాయి, స-చ యతీ చెడదు.

పూరణకర్త: సవరించాను, ధన్యవాదాలు. నాకో సందేహం. పదిమందిని నడిపేవాడు అన్నీ బయట పెట్టగలడా?

పాత సభ్యుడు: అక్కర్లేదు. చెప్పకూడనిది చెప్పనని ముఖం మీదే అనొచ్చు. ద్రోణుడు అడిగింది కొడుకు గురించి. ధర్మరాజు మాట తప్పు చెప్పలేదు, తప్పుగా అర్థమయ్యేలా చెప్పాడు. నేలకు నాలుగంగుళాలు పైన నడిచే రథం దిగింది అందుకే. వేరెవరైనా అంటే ద్రోణుడు నమ్మేవాడు కాడు. అన్నాళ్ళు నిజం పలికి కూడబెట్టిన పరపతినంతా ఒక్క మాటకు ఖర్చుపెట్టేశాడు.

పూరణ 4
మాట పడుగు గాఁగ, మానక దానికిఁ
జేఁత పేఁకఁ గూర్చి చినుఁగకుండ
నమ్మకమను వలువ నలువురి కిచ్చెడి
నిజము చెప్పువాఁడు నేతగాఁడు.

నిర్వాహకుడు: ఆహా! ఈ విరుపు నాకే తట్టలేదు. 'నేత గాఁడు'ను కలిపి 'నేతగాఁడు', అంటే బట్ట నేసేవాడు, అని నేతను సాలె మగ్గం ఎక్కించారు. 'చినుఁగకుండ' దేనికి అన్వయం, కూర్చడానికా, వలువకా? కొంచెం దూరమైంది. అయినా ఈ పూటకు నా ఓటు దీనికే.

పాత సభ్యుడు: శుక్రుడు వద్దన్నా మాట తప్పని బలిని ఎవరూ తేలేదేం?

నిర్వాహకుడు: రేపటికి దాచుకోండి. రేపటి సమస్య తేటగీతి పాదం: "మాట తప్పినవాఁడె పో మాన్యుఁ డిలను".