గుండెకు జీన్ థెరపీ: చేతి నరంలోకా, కరోనరీలోకా, నేరుగా కండరంలోకి సూదా?

నెల్లూరు అక్క:
మా తమ్ముడికి గుండె కండరం మందమయ్యే జబ్బు. ఎంవైబీపీసీ3 జీన్‌లో లోపమని రిపోర్ట్ వచ్చింది. అమెరికాలో టెనాయా అనే కంపెనీ ఈ జీన్ మంచి కాపీని ఏఏవీ9 అనే, జీన్‌ని మోసుకెళ్లే వైరస్‌లో పెట్టి, సెలైన్ ఎక్కించినట్టు నరంలోకి ఎక్కిస్తూ ట్రయల్ చేస్తోందట. బాగుచేయాల్సింది గుండెను అయితే ఒళ్లంతా తిరిగే రక్తంలో కలపడం ఎందుకు? యాంజియోగ్రామ్‌కి వెళ్లినట్టు గుండె దాకా వెళ్లి అక్కడే ఇవ్వొచ్చు కదా?

క్యాథ్‌ల్యాబ్ మనిషి:
నా వాదన కూడా అదే అక్కా. నరంలోకి ఇస్తే చాలా భాగం లివర్ లాక్కుంటుంది, గుండెకు చాలినంత చేరాలంటే డోసు విపరీతంగా పెంచాలి. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో క్యాథెటర్ అనే సన్న గొట్టం పెట్టి కరోనరీలోకి, అంటే గుండె కండరానికి రక్తం తెచ్చే నాళంలోకి, వెళ్లడం మాకు రోజూ చేసే పని.

పిప్పెట్:
ఆ దారిలో వెళ్లి చూశారు అన్నా. క్యూపిడ్-2 ట్రయల్‌లో గుండె నీరసించిన 250 మందిని తీసుకుని, సగం మందికి సెర్కా2ఏ జీన్ (గుండె కండరంలో కాల్షియాన్ని నడిపించేది) ఉన్న ఏఏవీ1 వైరస్‌ని కరోనరీలోకి ఇచ్చారు, 2015లో ఫలితం చూస్తే ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా లేదు. తర్వాత కొందరి గుండె కండరం పరీక్షిస్తే అక్కడికి చేరిన జీన్ చాలా కొద్దిగానే ఉంది. కరోనరీలో రక్తం క్షణాల్లో దాటిపోతుంది, ఆలోపు వైరస్ సన్న రక్తనాళాల గోడ దాటి కండరంలోకి దిగాలి.

క్యాథ్‌ల్యాబ్ మనిషి:
అది దారి తప్పా, డోసు తప్పా? క్యూపిడ్-2లో మనిషికి మొత్తం 10 లక్షల కోట్ల వైరస్ రేణువులు. జీన్ లోపంతో గుండె, ఒంటి కండరాలు దెబ్బతినే డానన్ జబ్బుకి రాకెట్ అనే కంపెనీ నరంలోకి ఇచ్చింది కిలోకి 67 లక్షల కోట్లు, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 400 రెట్లు! అంత పోసి గెలిచామంటే ఎలా? 2025 మేలో ఆ ట్రయల్‌లోనే ఒకరు రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోయే సమస్య వచ్చి చనిపోయారు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రయల్ ఆపి, డోసు కిలోకి 38 లక్షల కోట్లకు తగ్గించాకే మళ్లీ ఒప్పుకుంది.

పిప్పెట్:
ఆ చావును నేను తక్కువ చేయను. కానీ డానన్ పిల్లలకు గుండె మార్పిడి తప్ప దారి లేదు, ఒంటి కండరాలు కూడా దెబ్బతింటాయి కాబట్టి ఒళ్లంతా పోవడం వాళ్లకు మేలే. మొదటి ట్రయల్‌లో 7 మందికే ఇచ్చినా గుండె కండరంలో ఆ ప్రొటీన్ కనిపించింది.

బైపాస్ థియేటర్:
సూదితో నేరుగా కండరంలోకి ఇవ్వడం మరిచిపోయారు. బైపాస్ చేస్తూ వీఈజీఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏని (రక్తనాళాలు మొలిపించే ప్రొటీన్‌ని తయారుచేయమని చెప్పే సందేశం) గుండె మీద 30 చోట్ల గుచ్చిన ట్రయల్ ఉంది. కొత్త రక్తనాళాలు మొలవడానికి అక్కడక్కడా పడితే చాలు. మీ తమ్ముడిది కండరం మొత్తానికి ఉన్న లోపం, చుక్కలు చుక్కలుగా పడితే లాభం తక్కువ. ఇంకో భయం కూడా ఉంది: 2019లో పందుల గుండెలోకి గుండె కణాలు మళ్లీ విభజన చెందేలా చేసే మైక్రోఆర్‌ఎన్‌ఏ-199ఏ జీన్‌ని ఇలాగే ఇస్తే కండరం కోలుకుంది, తర్వాత ఎక్కువ పందులు గుండె లయ తప్పి హఠాత్తుగా చనిపోయాయి. దారి సరిగ్గా ఉన్నా, చేరాక జీన్ ఎన్నాళ్లు పనిచేస్తుందో మన చేతిలో ఉండాలి.

పిప్పెట్:
అక్కా, ఒక్కటి గుర్తుంచుకోండి. ఏఏవీకి చాలామంది ఒంట్లో ముందే యాంటీబాడీలు ఉంటాయి, ఉంటే ట్రయల్‌లోకి తీసుకోకపోవచ్చు. ఒకసారి ఇచ్చాక రెండోసారి అదే వైరస్ పనిచేయదు, కాబట్టి తొందరపడి తప్పు దారిలో ఇప్పించుకుంటే ఆ ఛాన్స్ పోయినట్టే. ఇంకో మాట, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు పాల్గొన్న 2009 పరిశోధనలో ఇదే జీన్‌లో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయిన మార్పు మన దేశంలో సుమారు 4 శాతం మందిలో కనిపించింది. వాళ్లలో చాలామందికి వయసు మళ్లాకే ఇబ్బంది మొదలవుతుంది. అలాంటివాళ్లకు డానన్ డోసు ఇవ్వడం నాకు సమ్మతం కాదు, తక్కువ డోసుతో గుండెకే చేరే వైరస్ కావాలి. ఆ విషయంలో అన్న మాటే నిజం. మీ తమ్ముడి రిపోర్ట్‌లో ఉన్నది ఆ మార్పేనా?

నెల్లూరు అక్క:
అది కాదమ్మా, వేరే మార్పు. వాడికి 31 ఏళ్లు, మెట్లెక్కితే ఆయాసం, మందులతో ఆఫీసుకి వెళ్తున్నాడు. డోసు తగ్గించాక ఏమవుతుందో తేలేదాకా ఆగమనే చెప్తాను. ఇది వంశంలో వచ్చే జబ్బు కదా, ఈ వారం నాకూ నా పిల్లలిద్దరికీ ఎకో తీయిస్తున్నాను.