మూడెకరాల గడ్డికి లాన్ ట్రాక్టరా, మినీ ట్రాక్టరా? (పర్లాకిమిడి దగ్గర తోట)

పర్లాకిమిడి తోట

అందరికీ నమస్కారం. ఉద్యోగ విరమణ చేసి నిరుడే మా నాన్నగారి తోటకి వచ్చేశాను. మొత్తం ఐదెకరాలు. అందులో రెండెకరాలు జీడి, దాని సంగతి వదిలేయండి. నా ఇబ్బంది మిగతా మూడెకరాలతోనే. ఇంటి చుట్టూ అరవై సెంట్లు గరిక, మామిడి చెట్ల కింద ఎకరంన్నర, ఊరి పిల్లలు క్రికెట్ ఆడుకునే ఖాళీ జాగా తొంభై సెంట్లు.

జూన్‌లో వాన పట్టిందంటే ఇక గడ్డి ఆగదు. నిరుడు ఆగస్టుకి మోకాలు దాటింది. ఒక రోజు పొద్దున్నే మెట్ల పక్కన రక్తపింజర చుట్ట చుట్టుకుని కనబడింది. అప్పటి నుంచి మా ఆవిడకి టెన్షన్, పిల్లల్ని వాకిట్లోకి కూడా వెళ్ళనివ్వదు. ఇద్దరు కుర్రాళ్లని పెట్టి బ్రష్ కట్టర్లతో కోయించాను. ఇద్దరూ కలిసి రోజుకి ఎకరం లాగారు. మూడు రోజుల పని, పదిహేను రోజులు తిరిగేసరికి మళ్ళీ మొదటికే.

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, కూర్చుని నడిపే లాన్ ట్రాక్టర్: పెట్రోల్ ఇంజన్, కడుపు కింద 42 అంగుళాల కోత. రెండోది, 24 హెచ్‌పీ డీజిల్ మినీ ట్రాక్టర్ కొని వెనక నాలుగడుగుల స్లాషర్ (తిరిగే బ్లేడ్లతో గడ్డిని కొట్టే పనిముట్టు) తగిలించడం. అడిగినవాళ్లలో సగం మంది అటు, సగం మంది ఇటు. మీరు చెప్పండి.

గుణుపురం మెకానిక్

సార్, మినీ ట్రాక్టరే. రెండో మాట లేదు.

లాన్ ట్రాక్టర్ మీద కూడా 20, 24 హెచ్‌పీ అని రాసి ఉంటుంది, అది చూసి రెండూ ఒకటే అనుకోకండి. దాంట్లో త్రీపాయింట్ లింకేజీ (వెనక పనిముట్లు తగిలించి ఎత్తే అమరిక) ఉండదు, దున్నదు. అందులో వేసే చిన్న హైడ్రోస్టాటిక్ (ఆయిల్ ప్రెషర్‌తో నడిచే) గేర్ బాక్స్ బరువు లాగడానికి చేసింది కాదు. మట్టి నింపిన తొట్టి తగిలిస్తే వేడెక్కిపోతుంది. కుబోటా బీ2441, మహీంద్రా జీవో 245, వీఎస్టీ 224 లాంటి వాటిలో ఏది తీసుకున్నా గడ్డి కోత అయ్యాక రోటవేటర్ తగిలించొచ్చు, మామిడికి మందు కొట్టే స్ప్రేయర్ తగిలించొచ్చు, జీడిపిక్కల బస్తాలు మోయొచ్చు. గడ్డి ఏడాదికి నాలుగైదు నెలలే పెరుగుతుంది. మిగతా ఏడెనిమిది నెలలు లాన్ ట్రాక్టర్ షెడ్లో ఎలకలకి ఇల్లు.

స్లాషర్ సైజు లెక్క: పీటీవో (వెనక పనిముట్లని తిప్పే షాఫ్టు) దగ్గర అందే పవర్లో అడుగు వెడల్పుకి సుమారు 5 హెచ్‌పీ చూసుకోండి. ఇంజన్ 24 అయినా పీటీవో దగ్గరికి వచ్చేసరికి మోడల్ని బట్టి 17 నుంచి 22 దాకానే ఉంటుంది. కాబట్టి నాలుగడుగులకి మించొద్దు. ఐదడుగులది అంటగట్టబోతే వద్దనండి. తడి గడ్డిలో ఇంజన్ ఊపిరి బిగబడుతుంది.

ఇంకోటి ముఖ్యం. సింగిల్ క్లచ్ ఉన్న చిన్న ట్రాక్టర్లలో క్లచ్ తొక్కినా స్లాషర్ బ్లేడ్లు ఆ ఊపులో తిరుగుతూనే ఉంటాయి, ఆ తిరుగుడు వెనక్కి గేర్ బాక్స్‌లోకి వచ్చి బండిని ముందుకి తోసేస్తుంది. గోడ దగ్గర ఆపాలనుకుంటే ఆగదు. పీటీవో షాఫ్టుకి ఓవర్ రన్నింగ్ క్లచ్ అని ఒక ముక్క వేయిస్తే ఈ బాధ ఉండదు. కొనేటప్పుడే అడగండి.

బరంపురం ఫామ్‌హౌస్

మెకానిక్ గారు చెప్పినవన్నీ నిజమే, కానీ సార్ అడిగింది గడ్డి గురించి, దుక్కి గురించి కాదు కదా.

నా దగ్గర లాన్ ట్రాక్టర్ నాలుగేళ్లుగా ఉంది, రెండెకరాల మీద తిరుగుతోంది. పది రోజులకొకసారి కోస్తాను. కోసిన తర్వాత చెప్పుల్లేకుండా నడవొచ్చు. స్లాషర్ కోసిన నేల మీద నడిచి చూడండి, మోళ్లు గుచ్చుకుంటాయి. స్లాషర్ గడ్డిని కోయదు, కొట్టి విరగ్గొడుతుంది. మర్నాటికి కొసలన్నీ పీచు తేలి తెల్లగా ఎండిపోయి కనిపిస్తాయి. పొలం గట్టుకైతే పర్లేదు, ఇంటి ముందుకి బాగోదు.

బరువు కూడా చూడండి. లాన్ ట్రాక్టర్ టైర్లు వెడల్పుగా, నునుపుగా ఉంటాయి. మినీ ట్రాక్టర్‌కి ఉండేవి పొలం టైర్లు, ఆ పళ్లు తడి నేలలో దిగిపోతాయి. సెప్టెంబరులో ఇంటి ముందు ఒక్కసారి మలుపు తిప్పితే గరిక వేర్లతో సహా లేచిపోతుంది.

లాన్ ట్రాక్టర్‌తో పడిన కష్టం కూడా దాచను. రెండో ఏడు జూలైలో కింద బ్లేడ్లు తిప్పే బెల్టు తెగింది. అమ్మిన షాపువాళ్లు పది రోజుల్లో తెప్పిస్తామన్నారు. వచ్చేసరికి రెండు నెలలు పట్టింది, అప్పటికి నడుమెత్తు గడ్డి. ఆ గడ్డిలోకి దీన్ని దింపితే కింద డెక్ (బ్లేడ్ల మీద ఉండే రేకు మూత) అంతా ముద్దలు ముద్దలుగా పట్టేసింది. బండి పక్కకి ఎత్తి, వెదురు పుల్లతో గీకి గీకి తీశాను. ఆ పచ్చి గడ్డి పులిసిన వాసన ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి రెండు బెల్టులు, ఒక జత బ్లేడ్లు ఇంట్లోనే ఉంచుకుంటున్నాను. మీరు కొన్నా బండితో పాటే అవి కొనండి.

సిరొంచ పత్తి చేను

నమస్తే సార్. మాది మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. నేల నల్లరేగడి.

నా సలహా: రెండూ కొనకండి. మా దగ్గర పత్తి ఏరుడు అయిపోయాక కట్టెని ముక్కలు చేయడానికి 45 హెచ్‌పీ ట్రాక్టర్లకి ఆరడుగుల స్లాషర్లు, మల్చర్లు తగిలించుకుని తిరుగుతుంటారు. గులాబీ రంగు పురుగు కట్టెలో నిలవకుండా అలా చేస్తాం. వానాకాలంలో ఆ స్లాషర్లు ఖాళీ. మీ దిక్కు కూడా ఎవరి దగ్గరో ఉండే ఉంటుంది, గంటకి ఇంత అని మాట్లాడుకోండి.

లెక్క చూడండి. నాలుగడుగుల స్లాషర్ అంటే 1.2 మీటర్లు. గంటకి 4 కిలోమీటర్ల వేగంతో పోతే 4,800 చదరపు మీటర్లు. మలుపులకి, ఒక చాలు మీద ఇంకో చాలు ఎక్కించేదానికి ఐదో వంతు తీసేయండి, ఎకరానికి కొంచెం తక్కువే వస్తుంది. అంటే మీ మూడెకరాలకి సుమారు మూడుంపావు గంటలు. వానాకాలమంతా కలిపి ఎనిమిదిసార్లు కోసినా ముప్పై గంటలు దాటదు. ముప్పై గంటల పనికి ఐదారు లక్షల బండా?

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అది నిజమే. ధర తగ్గిందని కొనేది కాదు కదా, పని ఉంటే కొనాలి.

గుణుపురం మెకానిక్

సిరొంచ అన్నా, లెక్క బాగానే ఉంది. కానీ మీరు చెప్పే ఆ 45 హెచ్‌పీ బండి రెండు టన్నులు తూగుతుంది. మామిడి కొమ్మల కిందకి ఎలా దూరుతుంది? అద్దె బండి మనకి కావలసిన రోజున దొరకదు కూడా. వాన తెరిపిచ్చిన రెండు రోజులూ అందరికీ అదే కావాలి. వరి దమ్ము రోజుల్లో ఇక్కడ ఎవడూ గడ్డి కోయడానికి రాడు.

 

కాశీనగరం పాడి

అన్నయ్యగారూ, ఇంతమంది ఇన్ని మాటలు చెప్పారు గానీ, ఆ గడ్డి ఎవరు తింటారని ఒక్కరూ అడగలేదు.

మాకు ఆరు గేదెలు. శ్రావణ భాద్రపదాల్లో పచ్చి గడ్డి కోసం వంశధార గట్టు పొడుగునా తిరుగుతాం. మీరు మూడెకరాల గడ్డిని స్లాషర్ పెట్టి తుక్కు చేస్తానంటే నా ప్రాణం ఉసూరుమంటోంది. స్లాషర్ ముక్కలు చేసి మట్టిలో కలిపేసిన గడ్డిని పశువు ముట్టదు. ఎత్తుకోవడానికీ రాదు. కట్టర్ బార్ అని ఇంకోటి ఉంటుంది, కత్తెర పళ్ల మాదిరి ఉంటుంది. గడ్డిని మొదలు దగ్గర కోసి, ఉన్న పొడవునే పడుకోబెడుతుంది. మోపు కట్టుకుని తెచ్చుకోవచ్చు. లేదంటే మీ ఊళ్లో పాడి ఉన్న ఆడవాళ్లకి చెప్పండి, కొడవళ్లతో వచ్చి కోసుకుపోతారు. మీకు కూలి ఖర్చు ఉండదు, వాళ్లకి మేత.

మేకల్ని మాత్రం తోలనివ్వకండి. లేత మామిడి బెరడు కొరికేస్తాయి. వయ్యారిభామ ఉన్న చోట ముందే పీకించండి, పువ్వు రాకముందే. పశువులకి మంచిది కాదు, చేతులకి దద్దుర్లు కూడా.

జయపురం టీచరమ్మ

మాది కొండ నేల, మా బడి మైదానం ఒక పక్కకి వాలుగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త చెబుతాను. మీ తోట కొండ దిగువన అయితే వాలు కొలవండి. పదడుగుల పొడవుకి రెండున్నర అడుగుల కంటే ఎక్కువ దిగితే అది 15 డిగ్రీల దగ్గరికి వచ్చినట్టు. అంతకు మించితే కూర్చుని నడిపే బండి దేన్నీ ఎక్కించవద్దు. కూర్చునే బండిని వాలుకి పైకీ కిందకీ నడపాలి, అడ్డంగా తిప్పితే బోల్తా పడుతుంది. చేత్తో తోసే మిషన్ అయితే దానికి తిరగేసి, అడ్డంగానే తోయాలి. పైకీ కిందకీ తోస్తే కాలు జారి బ్లేడు కిందకి పోతుంది. మా అటెండరుకి ఇది నేర్పడానికి రెండు వారాలు పట్టింది.

పర్లాకిమిడి తోట

అందరికీ ధన్యవాదాలు. వాలు కొలిచాను. మామిడి వైపు పదడుగులకి అడుగు కూడా లేదు, అక్కడ భయం లేదు.

కాశీనగరం అమ్మ మాట మా ఆవిడ చదివి, నన్ను అడగకుండానే వీధిలో నలుగురికి చెప్పేసింది. మామిడి కింద ఎకరంన్నర గడ్డి ఇక వాళ్లదే. నాకూ అది సబబుగానే ఉంది. ఇంక ఇల్లూ, క్రికెట్ జాగా కలిపి ఎకరంన్నర మిగిలింది. ఇప్పుడు లాన్ ట్రాక్టర్ వైపే మొగ్గు ఉంది.

గుణుపురం మెకానిక్

సార్, తొందరపడకండి. ఒక్క మాట అడుగుతాను. తిత్లీ తుఫానులో మీ తోటలో చెట్లు పడ్డాయా?

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీద పడ్డప్పుడు ఇక్కడ తోటల్లో పనస, మామిడి, కొబ్బరి కూలిపోయాయి. జనం పైన కలప కోసుకుపోయి మొద్దులు అలాగే వదిలేశారు. వాటి మీద గడ్డి పెరిగి ఇప్పుడు పైకి ఏమీ కనబడదు. నా దగ్గరికి రిపేరుకి వచ్చిన స్లాషర్లలో ఎక్కువ వాటికి ఇదే కారణం. స్లాషర్‌కైతే షేర్ బోల్టు (దెబ్బ తగిలితే ముందు తనే తెగేలా పెట్టే బోల్టు) తెగుతుంది, కొత్తది వేసుకుంటే మళ్ళీ బండి నడుస్తుంది. దాని బ్లేడ్లు కూడా పిన్ను మీద ఊగుతుంటాయి, దెబ్బ తగిలితే వెనక్కి మడుచుకుంటాయి. లాన్ ట్రాక్టర్ బ్లేడు నేరుగా కుదురుకి (బ్లేడుని తిప్పే ఇరుసుకి) బిగించి ఉంటుంది. మొద్దుకి తగిలిందంటే ఆ కుదురు వంగుతుంది. అది మన దగ్గర తయారయ్యేది కాదు, ఎక్కడి నుంచో రావాలి. బరంపురం సార్ బెల్టుకే రెండు నెలలు ఆగారు.

బరంపురం ఫామ్‌హౌస్

ఇది నేను ఒప్పుకుంటాను. నా నేల కొన్నప్పుడే చదును చేయించి ఉంది కాబట్టి నాకు ఆ దెబ్బ తగల్లేదు. సార్, ఏ బండి కొన్నా ముందు నేల చదును చేయించుకోండి. తర్వాత కోత ఎత్తు మూడంగుళాల దగ్గర పెట్టుకుని వాడండి. గడ్డి ఎంత ఉందో దాంట్లో మూడో వంతు కంటే ఎక్కువ ఒక్కసారి తీయొద్దు. మరీ కిందకి కోస్తే గరిక బక్కచిక్కి, తుంగ లేస్తుంది. తుంగ వచ్చిందంటే గడ్డ తవ్వినా పోదు.

ప్రతి ఇరవై, పాతిక గంటలకి బ్లేడు సాన పట్టించండి. పిల్లలు ఆడే జాగాలో కోసే ముందు రాళ్లు, సీసా పెంకులు ఏరించడం మర్చిపోకండి. బ్లేడు కింద నుంచి రాయి లేచిందంటే యాభై అడుగుల అవతల ఉన్నవాళ్లకి కూడా తగులుతుంది. కోసేటప్పుడు ఆ వైపు ఎవరినీ రానివ్వొద్దు.

సిరొంచ పత్తి చేను

నేను ఇంకా అదే అంటాను సార్. ఈ ఒక్క వానాకాలం అద్దె స్లాషర్‌తో గడపండి. ఎన్నిసార్లు కోయాల్సి వచ్చిందో, ఎక్కడ బండి దిగబడిందో, ఎక్కడ కొమ్మ తగిలిందో ఒక పుస్తకంలో రాసుకోండి. ఇంటి చుట్టూ వరకు చేత్తో తోసే పెట్రోల్ మిషన్ ఒకటి చాలు. వచ్చే ఏడు ఏది కొనాలో మీ పుస్తకమే చెబుతుంది.

గుణుపురం మెకానిక్

అద్దెకి ఒప్పుకున్నా, మినీ ట్రాక్టర్ ఉన్నవాణ్ణే పట్టుకోండి. ఒకవేళ శ్రీకాకుళంలో కొనే ఆలోచన వచ్చినా, రిజిస్ట్రేషన్ మన పర్లాకిమిడిలోనే, ఒడిశా వాళ్ల ఓడీ-20 నంబరుతోనే చేయించుకోండి. లేకపోతే రేపు అమ్మేటప్పుడు కాగితాలతో తిప్పలు.

పర్లాకిమిడి తోట

మెకానిక్ గారు మొద్దుల మాట అన్నాక నిన్న పొద్దున పాలేరూ నేనూ చెరో ఇనుప చువ్వ పట్టుకుని క్రికెట్ జాగా అంతా అడుగు అడుగునా గుచ్చుకుంటూ తిరిగాం. పనస మొద్దులు తొమ్మిది, కొబ్బరివి రెండు దొరికాయి. ఒకటి సరిగ్గా పిల్లలు బౌలింగ్ వేయడానికి పరిగెత్తే దారిలోనే ఉంది, నేల మట్టానికి నాలుగంగుళాలు పైకి. పదకొండింటికీ సున్నం కొట్టాం. ఈ ఏడాదికి అద్దె స్లాషరే, ఇంటి చుట్టూకి తోసే మిషన్ ఒకటి కొంటున్నాను.

పన్నెండోది కూడా ఉండాలని, బావి పక్క పనస తిత్లీ రోజునే పడిందని పాలేరు గట్టిగా అంటున్నాడు. ఇవాళ మళ్ళీ చువ్వలు పట్టుకుని వెళ్తున్నాం.