పదహారేళ్ల కుర్రాడి మదింపు తెలుగులో మళ్లీ చేయించాలంటే? (బెంగళూరు)

జువెనైల్ కేసులు చూసే లాయర్లకు, క్లినికల్ సైకాలజిస్టులకు ఈ ప్రశ్న. పిల్లల్ని పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అన్న చర్చ దయచేసి ఇక్కడ వద్దు, అది టీవీల్లో రోజూ ఉండేదే.

హత్య కేసు. నేరం నాటికి కుర్రాడికి 16 ఏళ్ల 5 నెలలు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 15 కింద ప్రాథమిక మదింపు (నేరం చేసేంత మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు తెలిసే శక్తి ఉన్నాయా అని చూడటం) చేసి, జువెనైల్ జస్టిస్ బోర్డు కేసును పెద్దవాళ్లలా విచారించడానికి పిల్లల కోర్టుకు పంపింది. చిక్కంతా ఆ రిపోర్టులోనే. కుర్రాడికి వచ్చింది తెలుగొక్కటే. అడిగింది కన్నడంలో, మధ్యలో దుబాసీ ఒక కానిస్టేబుల్! 'పర్యవసానాలు అర్థమవుతాయా' అన్న గడిలో ఒక్క టిక్కు, కింద వివరణ లేదు. ఏ పరీక్ష పెట్టారో, స్కోరెంతో లేదు.

బోర్డులో చైల్డ్ సైకాలజీ లేదా సైకియాట్రీ డిగ్రీ ఉన్నవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరని 2022 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. నిపుణుడు వచ్చాడు సరే, పిల్లాడి భాష రానివాడు వస్తే ఆ షరతు తీరినట్టేనా?

మదింపుకు మూడు నెలల గడువు దాటిందన్న వాదన పెట్టుకోవడం లేదు. అది దాటితే మదింపు చెల్లకపోదని 2024లో కర్ణాటక కేసులోనే తేలిపోయింది.

బోర్డు ఆర్డరు మీద అదే చట్టం సెక్షన్ 101 కింద అప్పీలుకు 30 రోజులు, అందులో 11 అయిపోయాయి. వేరే నిపుణుల సాయం సెషన్స్ కోర్టు తీసుకోవచ్చని 101(2)లోనే ఉంది. అప్పీలుతోపాటే దానికి విడిగా అర్జీ వేయాలా? నిమ్హాన్స్‌లో (బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ) తెలుగు వచ్చినవాళ్లతోనే చేయించాలని ఆర్డర్లో రాయించుకున్నవాళ్లున్నారా? ఉంటే అర్జీలో వాడిన మాటలు చెప్పండి.