అరవై దాటినవాళ్లు తొడకు పట్టీ బిగించి కసరత్తు చేయొచ్చా?

అలిపిరి బాట:
మా నాయనకు 67. రెండేళ్ల కిందటి దాకా నెలకోసారి అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి కొండకు పోయేవాడు. ఇప్పుడు గాలిగోపురం దాకా పోవడమే గగనం. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, ఒకసారి ముందుకు ఊగి, పళ్లు బిగబట్టి లేస్తాడు. మోకాళ్లు అరిగాయన్నారు. బీపీ మాత్ర వేసుకుంటాడు, షుగర్ లేదు.

మా వీధి జిమ్‌లో కుర్రాడు ఎలాస్టిక్ పట్టీ తొడ మొదట్లో బిగించి తేలిక బరువులు ఎత్తిస్తానంటున్నాడు. దాన్ని బీఎఫ్‌ఆర్ (బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్, అంటే రక్తప్రవాహాన్ని తగ్గించడం) అంటారట, బరువు లేకుండానే కండ పెరుగుతుందట. రక్తం ఆపి కసరత్తు చేయడమేమిటని నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

మోకాలిమెట్టు:
వద్దు బాబూ. నాకు 71, వారానికి రెండు రోజులు బరువులు ఎత్తుతాను. ముసలివాళ్లు బరువు ఎత్తలేరనే భయమే ఇలాంటి పట్టీలను అమ్మిస్తోంది. 1990లో బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉండే 86 నుంచి 96 ఏళ్ల వాళ్ల చేత 8 వారాలు బరువులు ఎత్తించారు. నామమాత్రపు బరువులు కావు, ఒక్కొక్కరు ఎత్తగలిగినదానిలో 80 శాతం. 10 మంది మొదలుపెడితే 9 మంది పూర్తిచేశారు, తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. తొంభై ఏళ్లవాళ్లు చేసినది 67లో చేయలేమా?

చిత్తూరు ఫిజియో:
పెద్దాయన చెప్పిన బోస్టన్ సంగతి నిజమే, నేనూ అందరికీ చెబుతుంటాను. కానీ మోకాలు అరిగి, బరువు పెట్టగానే నొప్పితో కాలు వెనక్కి తీసుకునే మనిషిని ఏం చేద్దాం? ఈ పద్ధతి పనికొచ్చేది అక్కడే.

రక్తం పూర్తిగా ఆపరు. గుండె నుంచి కాలికి వచ్చే రక్తం తగ్గుతుంది, కాలి నుంచి వెనక్కి పోయేది నిలుస్తుంది. కండకు ఆక్సిజన్ చాలక తొందరగా అలసిపోతుంది. మామూలుగా పెద్ద బరువు ఎత్తితేనే పనిలోకి దిగే కండపోగులు తేలిక బరువుకే దిగుతాయి. ఎత్తగలిగిన బరువులో 20 నుంచి 30 శాతం చాలు. మొదట 30 సార్లు, తర్వాత 15 చొప్పున మూడు విడతలు, మధ్యలో 30 సెకన్ల విశ్రాంతి. ఇరవయ్యోసారి దాటేసరికి తొడ మండుతుంది. 1966లో జపాన్‌లో యోషియాకి సాటో అనే ఆయన ఒక బౌద్ధ కర్మకు వెళ్లి, చాలాసేపు మోకాళ్ల మీద కూర్చుని, పిక్కలు తిమ్మిరెక్కి బిగుసుకుపోతే, దాంట్లోంచి ఈ ఆలోచన పట్టుకున్నాడు.

అసలు మాట ఒత్తిడి. గాలి కొట్టే వెడల్పు పట్టీ వేసి, రక్తం పారే చప్పుడు వినిపించే డాప్లర్ పరికరంతో, చీలమండ దగ్గర నాడి ఎంత ఒత్తిడికి ఆగుతుందో చూసి, ఆ అంకెలో 40 నుంచి 80 శాతమే పెట్టాలి. పెద్దవాళ్లకు నేను కింది అంకెతోనే మొదలుపెడతాను. లావు తొడకు ఒకలా, సన్న తొడకు ఒకలా ఉంటుంది. పట్టీ ఎంత సన్నదైతే అంత ఎక్కువ ఒత్తిడి కావాల్సి వస్తుంది. ఎలాస్టిక్ పట్టీ చేతిలాగుడు మీద ఎంత బిగిసిందో కట్టినవాడికే తెలియదు.

పీలేరు అన్న:
మా బావ సంగతి చెబుతా. 62 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. జిమ్‌లో పట్టీ కట్టి, మధ్యలో విప్పకుండా, ఫోన్ వచ్చిందని ట్రైనర్ బయటికి పోయాడు. ఇంటికొచ్చి ప్యాంటు తీస్తే పట్టీ కింద తొడ చుట్టూ చిన్నచిన్న ఎర్ర చుక్కలు, సాయంత్రానికి అవే నల్లబడ్డాయి. వేళ్లకు చీకటి పడేదాకా స్పర్శ లేదు. ఇంకా భయపెట్టేది ఏమంటే, షుగర్ వల్ల ఆయనకు కాళ్లలో తిమ్మిరి ఎప్పుడూ ఉండేదే, కాబట్టి ఏదో తేడాగా ఉందని కట్టినప్పుడు తెలియనే లేదు. మళ్లీ ఆ గడప తొక్కనివ్వలేదు నేను.

మోకాలిమెట్టు:
ఇదీ నేను చెప్పేది. ఫిజియో గారి గదిలో కొలత ఉంటుంది, వీధి జిమ్‌లో ఉండదు. పేరు మాత్రం రెంటికీ ఒకటే.

చిత్తూరు ఫిజియో:
పీలేరు అన్నగారూ, మీ బావగారికి అది కట్టనే కూడదు. కాళ్ల స్పర్శ తగ్గినవాళ్లు, కాళ్లలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవాళ్లు, నరాలు ఉబ్బి మెలికలు తిరిగినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు దీని జోలికి పోకూడదు. పట్టీతో చేసేటప్పుడు బీపీ మామూలు తేలిక కసరత్తులో కంటే ఎక్కువ ఎగబాకుతుంది, అందుకే నేను ముందు, మధ్యలో, తర్వాత చూస్తాను.

అంతమాత్రాన పద్ధతే చెడ్డదంటే ఒప్పుకోను. జపాన్‌లో ఇది చేసిన 12 వేల మందికి పైగా జనంపై సర్వే చేసి 2006లో వెల్లడించారు. చర్మం కింద రక్తం చిమ్మడం 13 శాతం మందిలో, రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం 0.055 శాతంలో కనబడింది. అక్కడ చేయించింది శిక్షణ పొందినవాళ్లు, అదీ గుర్తుంచుకోవాలి. ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. కండ పరిమాణం ఇంచుమించు పెద్ద బరువులతో సమానంగా పెరుగుతుంది గానీ, బలం మాత్రం పెద్ద బరువులతోనే ఎక్కువ వస్తుంది. ఆ లెక్కన పెద్దాయన మాటే నిలుస్తుంది. నా దగ్గర పట్టీ ఒక మెట్టు మాత్రమే. నొప్పి తగ్గి మోకాలు బరువు మోసే రోజున తీసేస్తాను.

మోకాలిమెట్టు:
తీసేస్తానన్నారు, అక్కడికి ఒప్పుకుంటా. కానీ పట్టీ కంటే ముందు ఆ కుర్చీతోనే మొదలుపెట్టొచ్చు కదా? కుర్చీలో రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి, చేతులు ఆనించకుండా లేచి కూర్చోమనండి. నొప్పి లేకుండా ఎన్నిసార్లు చేయగలడో అదే ఆయన బరువు.

అలిపిరి బాట:
అందరికీ దండాలు. జిమ్ కుర్రాడికి వద్దని చెప్పేశా. నిన్న సాయంత్రం రెండు దిండ్లతో చేయించాను. ఎనిమిది సార్లు లేచాడు, తొమ్మిదోసారి సగంలో ఆగి నా భుజం పట్టుకున్నాడు. రాత్రి మోకాలు వాయలేదు. మూడు వారాలు ఇలాగే చేయిస్తా. దిండు తీయగానే నొప్పి మొదలైతే మాత్రం బీపీ చీటీ పట్టుకుని ఫిజియో గారి లాంటి వాళ్ల దగ్గరికి తీసుకెళ్తా, పట్టీ కట్టేముందు డాప్లర్ ఉందా అని అడుగుతా.